ఓడ ఆగిన ఏడు దినములు

పాఠ్యభాగము: అపొస్తలుల కార్యములు 21:1–8



మన చిత్తూరు పల్లెలలో వాన కొరకు ఆకాశము చూచువారే గాని సముద్రము చూచినవారు కొద్దిమంది. అయినను విహారము కొరకే నడచు ఓడలు ఇప్పుడు మన తీరమునకును వచ్చుచున్నవి. 2025లో అట్టి ఓడ యొకటి విశాఖపట్నము నుండి పుదుచ్చేరి మీదుగా చెన్నైకి వచ్చెను. ఇట్టి ఓడ రేవున ఒక పగలు ఆగును. ప్రయాణికులు దిగి, ఎండలో మెరయు తీరమును చూచి, ఏదైన కొనుక్కొని, సాయంకాలమునకు మరల ఎక్కుదురు. ఇందులో తప్పేమియు లేదు. సముద్రము దేవుని చేతిపనియే. అయితే తన ఓడ ఆగినప్పుడు పౌలు ఏమి చేసెను?

1. వెదకి కనుగొనిరి. పౌలును అతని తోటివారును పతరలో ఓడ యెక్కి, కుప్రను ఎడమ ప్రక్కగా దాటి, తూరులో దిగిరి. అక్కడ సరకు దిగుమతి చేయవలసియుండెను. తూరు సామాన్యమైన ఊరు కాదు. సముద్రపు నత్తల నుండి తీసిన ఊదారంగుకు పేరుపొందిన వర్తక పట్టణము. మొదట అది ద్వీపము. క్రీ.పూ. 332లో అలెగ్జాండరు దానిని పట్టుకొనుటకు సముద్రములో కట్ట వేయించెను. ఆ కట్ట చుట్టును ఇసుక మేటవేసి ద్వీపము నేలతో కలిసిపోయెను. నేడది లెబానోను దేశములోని సూర్ పట్టణము. చూడదగినవి ఎన్నియో యుండినను లూకా వాటిలో ఒక్కటియు వ్రాయలేదు. శిష్యులను కనుగొని ఏడు దినములుంటిమని మాత్రమే వ్రాసెను. ఇక్కడి గ్రీకు మాటకు వెదకి కనుగొనుట అని అర్థము. వారు వీధి వీధి విచారించియుందురు.

2. ఆ శిష్యులెవరు? స్తెఫను విషయమైన శ్రమవలన చెదరిపోయినవారు ఫేనీకే వరకు వెళ్లిరని 11:19లో చదువుదుము. తూరు ఆ ఫేనీకేలోనిదే. ఆ శ్రమ పెట్టినవారిలో సౌలు ముఖ్యుడు. తాను తరిమినవారి మూలముగా సువార్త చేరిన తీరమున అతడిప్పుడు అతిథియాయెను! వారు తలుపు మూయలేదు. యెరూషలేమునకు పోవద్దని ప్రేమతో బతిమాలిరి. అతడు బయలుదేరగా భార్యలతోను పిల్లలతోను ఊరి వెలుపలికి వచ్చి సాగనంపిరి. అందరును సముద్రతీరమున మోకాళ్లూని ప్రార్థించిరి. ఏడు దినముల పరిచయము!

3. ఒక్క దినమైనను చాలును. తరువాత తొలెమాయిలో వారుండినది ఒక్క దినమే. అక్కడను సహోదరులను కుశలమడిగిరి. పిమ్మట ఖైదీయై రోమాకు పోవునప్పుడును సీదోనులో ఓడ ఆగగా, శతాధిపతియైన యూలి సెలవిచ్చినందున పౌలు స్నేహితుల పరామర్శ పొందెను (27:3).

4. మన సంగతి. మనము ఓడ యెక్కకపోవచ్చును. అయితే మనము తూరువారివలె దారిలోనున్నవారము. వేలూరు ఆసుపత్రికి పోవువారు, శ్రీసిటీలో పనికి వచ్చు యువకులు మన ఊళ్లలో ఒక పూట ఆగుచున్నారు. మేము సిగ్గుతో ఒక మాట ఒప్పుకొనవలెను. ఒక ఆదివారమున వేలూరికి పోవుచున్న కుటుంబమొకటి మా ఆరాధనకు వచ్చి, చివరి చాపమీద కూర్చుండెను. దీవెన కాగానే మేము కానుకల లెక్కలో పడితిమి. తలయెత్తి చూచునప్పటికి వారు బస్సెక్కి పోయిరి. ఆ రాత్రి వారికొరకు ప్రార్థింపబోతిమి గాని, రోగి ఎవరో, పేరేమో మాకు తెలియలేదు. అడిగిన వారెవరును లేరు.

అప్పటినుండి చివరి చాపయొద్ద ఒకరిని కూర్చుండబెట్టుచున్నాము. చెంబెడు నీళ్లు, ఒక పలకరింపు, బస్సు వరకు తోడు, ఇవి బీదసంఘమునకును సాధ్యమే.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. క్రొత్త ఊరికి పోయినప్పుడు మనము మొదట వెదకునదేమి?
2. పూర్వము మనలను బాధించినవాడు మన వాకిటికి వచ్చిన యెడల ఏమి చేయుదుము?
3. గత నెలలో మన ఆరాధనకు వచ్చిన పరాయివారి పేరు మనలో ఎవరికైనను తెలియునా?