మబ్బులో మొదటి కర్తవ్యము

మడకశిర వంటి వానకరవు సీమలో మబ్బు కనబడిన మనసు పొంగును. పైలటునకు ఆ మబ్బే కన్నుగప్పు తెర. నేలయు దిగంతమును కానరానపుడు చెవిలోని సమతూక జ్ఞానము మోసగించును. విమానము ఒరుగుచున్నను తిన్నగా సాగుచున్నట్లే తోచును. కావున దేహమును గాక, ఒరుగుదలను చూపు పరికరములను నమ్మవలెను.

పరికరములలో ఒకటి ఆపదను సూచించినచో? దృష్టియంతయు దానిపైనే నిలుచుట వేరొక ప్రమాదము. 2009 సెప్టెంబరు 2న హైదరాబాదు బేగంపేట నుండి చిత్తూరు జిల్లాకు బయలుదేరిన బెల్ 430 హెలికాప్టరు నల్లమలలో కూలినది. నాటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి, ఇరువురు పైలట్లతో సహా ఐదుగురు అసువులు బాసిరి. చమురు పీడనపు లోపమునకు పరిష్కారము వెదకుటలో ఆరు నిమిషములకు పైగా గడచినవనియు, వానమబ్బులలో క్రిందికి దిగు బలమైన గాలికి హెలికాప్టరు అదుపు తప్పినదనియు విచారణ సంఘము తేల్చెను.

వైమానిక శిక్షణలోని క్రమమిది: మొదట విమానమును అదుపున నుంచుట, పిదప దారి చూచుకొనుట, ఆ పిమ్మట నేలపై వారితో మాటలాడుట. ఇరువురున్నచో ఒకరు నడుపుచుండగా మరియొకరు లోపమును వెదకవలెను. మబ్బు దట్టమైనచో మరలి వచ్చుట ఓటమి కాదు.

మన బిడ్డలకును ఇది పాఠమే. ఆపదలో ఏది ముందో ఎరుగుటయే సగము రక్షణ.