మౌసు వేగము – గురి కుదుర్చుకొను విధము

ఆటగాని కన్నులతో చూచుచున్నట్లే తెరపై దృశ్యమును చూపి, తుపాకి గురిచే గెలుపోటములను నిర్ణయించు కంప్యూటరు ఆటలను ఫస్ట్ పర్సన్ షూటర్లందురు. వీనిలో చూపును త్రిప్పునది మౌసు. మౌసు కొంత దూరము జరిగినచో చూపెంత తిరుగవలెనో నిర్ణయించు అంకెకు సెన్సిటివిటీ యని పేరు. ఇది హెచ్చైన గురి గుర్తును దాటిపోవును. తగ్గిన వెనుకనున్న ప్రత్యర్థివైపు తిరుగులోపలనే ఆట ముగియును. తగిన అంకెను కనుగొనుటెట్లో విచారింతము.

మొదట కొలతను గ్రహింపవలెను. మౌసు ఒక అంగుళము జరిగినప్పుడు కంప్యూటరునకు పంపు అడుగుల సంఖ్య డి.పి.ఐ. యనబడును. కౌంటర్ స్ట్రైక్ ఆటలో సెన్సిటివిటీ 1 గా నున్నప్పుడు ఒక్కొక్క అడుగునకు చూపు 0.022 డిగ్రీ తిరుగును. పూర్తి చుట్టునకు 360 డిగ్రీలు గదా! దీనిని 0.022 చే భాగింప సుమారు 16,364 అడుగులగును. డి.పి.ఐ. 800 అయినచో నిది 20.45 అంగుళములు, అనగా సుమారు 52 సెంటీమీటర్లు. సెన్సిటివిటీని 2 చేసిన 26 సెంటీమీటర్లే చాలును. డి.పి.ఐ. 400, సెన్సిటివిటీ 2 అయినచో మరల 52 సెంటీమీటర్లే. వాలరెంట్ ఆటలో ఒక్కొక్క అడుగు 0.07 డిగ్రీ; కావున కౌంటర్ స్ట్రైక్ అంకెను 3.18 చే భాగించి యచట నుంచవలెను. ఇందువలన తేలునదేమన, చేయి జరుగు దూరమే నిజమైన కొలత. డి.పి.ఐ. నెరుగక మిత్రుని అంకెను మాత్రము అనుకరించుట వ్యర్థము.

ఇక పరీక్షాక్రమము.

1. మౌసును వడిగా జరిపినకొలది గురుతు మరింత దూరము పోవు ఏర్పాటు విండోసునందు కలదు. దానిని తీసివేయవలెను. లేనిచో ఒకే దూరమునకు ఒకే ఫలము గలుగకపోవచ్చును.

2. గోడపై నొక గుర్తునకు గురి యుంచి, మౌసు ప్రక్కన కొలబద్ద పెట్టి, ఆ గుర్తు మరల వచ్చువరకు త్రిప్పి, దూరమును వ్రాసికొనవలెను.

3. ప్రక్కనున్న గుర్తుపైకి ఇరువది మారులు వేగముగా గురి త్రిప్పి చూడవలెను. తరచుగా దాటిపోయిన అంకెను పదవవంతు తగ్గింపుడు. తరచుగా చేరకపోయిన నంతే హెచ్చింపుడు.

4. నడచుచు ఒకే గుర్తుపై గురి నిలుపుడు. గురి వణకినచో వేగ మధికము. వెనుకకు తిరుగుటకు మౌసును పలుమా రెత్తవలసివచ్చిన వేగము చాలదు.

వేగము తక్కువైన మోచేయి, ముంజేయి పనిచేయును. అధికమైన మణికట్టే శ్రమపడును. బల్లపై చోటెంత గలదో గూడ చూచుకొనవలెను. మణికట్టు నొచ్చినచో ఆట మానుటయే యుక్తము.

ఇట్లు కుదిరిన అంకెను కొన్ని వారములు మార్పరాదు. ఇదియే ముఖ్యము. ఇంత జరిపిన ఇంత తిరుగునని చేయి నేర్చుకొనుట అభ్యాసముచేతనే కలుగును. ఓడినప్పుడెల్ల అంకెను మార్చువాడు తన చేతికి నిత్యము క్రొత్తపాఠము చెప్పుచు పాతపాఠమును చెరిపివేయుచుండును. పిమ్మట క్రొత్త మౌసు కొనుడని తలిదండ్రులను వేధించును. ఆడలేక మద్దెల ఓడన్నట్లు పనిముట్టును నిందింపక, కొలిచి, పరీక్షించి, కుదిరినదానిని పట్టి సాధన చేయువానికే గురి కుదురును. విద్యార్థులారా! ఈ నియమము ఆటకే కాదు, చదువునకును వర్తించును.