వంటకు ఏ సైడర్? పబ్ కిచెన్‌లో కొత్తగా చేరినవారికి

ఇంగ్లండ్‌లో పబ్ కిచెన్‌లో కమీ చెఫ్‌గా చేరిన మనవాళ్లకు సైడర్‌తో వండిన అలవాటు ఉండదు. సర్వీసు ఒత్తిడిలో ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు కూడా. పోర్క్ సాస్ చెడితే మాత్రం అడిగేది మిమ్మల్నే.

ముందు రెసిపీ ఎక్కడిదో చూడండి. అమెరికా రెసిపీల్లో సైడర్ అంటే సాధారణంగా పులియని ఆపిల్ రసం. బ్రిటన్‌లో అది ఆల్కహాల్ ఉన్న డ్రింక్.

ఎక్కువమంది దెబ్బతినేది తీపి దగ్గర. లీటరుకు 40 గ్రాముల పంచదార ఉన్న స్వీట్ సైడర్ అర లీటరు పోశారనుకోండి. అందులో 20 గ్రాముల పంచదార ఉంటుంది. దాన్ని 100 మిల్లీలీటర్లకు మరిగిస్తే నీరు పోతుంది, ఆల్కహాల్ చాలావరకు పోతుంది, ఆ 20 గ్రాములూ అలాగే మిగులుతాయి. గ్లాసులో హాయిగా ఉన్నది పాన్‌లో పాకం అవుతుంది. పైగా వేయించిన ఉల్లిపాయ తీపి, ఆపిల్ ముక్కల తీపి. ఉప్పు పెంచి సర్దుదామనుకుంటే సాస్ మొత్తం పోయినట్టే. అందుకే సాస్‌కు డ్రై, ఫ్రెంచ్ సీసా అయితే బ్రూట్ తీసుకోండి. డూ రకం తియ్యగా ఉంటుంది, డెజర్ట్‌కు పనికొస్తుంది. బెర్రీ ఫ్లేవర్ కలిపినవి బార్‌లోనే ఉండనివ్వండి.

డ్రై అయినంత మాత్రాన అన్నీ ఒకటి కావు. సోమర్సెట్, హెరెఫర్డ్‌షైర్ సైడర్లలో డాబినెట్ లాంటి వగరు ఆపిల్స్ పడతాయి. వగరు పోర్క్ కొవ్వుకు బాగుంటుంది కానీ మరీ మరిగిస్తే నాలుక పట్టేస్తుంది. మస్సెల్స్‌కు తేలికైనది చాలు. నార్మండీ పద్ధతిలో చికెన్‌కు క్రీమ్ కలిపేటప్పుడు డబుల్ క్రీమ్ వాడండి. పులుపు ఎక్కువైన సాస్‌లో కొవ్వు తక్కువ క్రీమ్ విరిగిపోతుంది. ఒక టిప్పు: కొత్త సీసా వస్తే గరిటెడు చిన్న పాన్‌లో మరిగించి రుచి చూడండి. రెండు నిమిషాల పని.

అలెర్జెన్ షీటు మరవకండి. చాలా సైడర్లలో సల్ఫైట్లు ఉంటాయి. కొన్నింటిని జెలటిన్‌తో తేటపరుస్తారు, అవి వీగన్‌కు పనికిరావు. అరగంట ఉడికినా ఆల్కహాల్ పూర్తిగా పోదు కాబట్టి, మద్యం ముట్టని అతిథి అడిగితే లేదని చెప్పకండి.

నచ్చిన సైడర్ బ్రాండు, అది డ్రై అన్న సంగతి రెసిపీ కార్డులో రాయించండి. లేకపోతే తర్వాతి షిఫ్టువాళ్లు బార్‌లో ఏది తెరిచి ఉంటే అది పోస్తారు.