సెకండ్ హ్యాండ్ బండి, ఒంటి నిండా గీతలు: సందేహాలు – సమాధానాలు

సందేహం: నాన్నగారు వ్యాగన్ రిపేర్ షాపులో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. ఆయనకొచ్చిన డబ్బులో కొంత పెట్టి ఆరేళ్ల నాటి తెల్ల పికప్ ఒకటి కొన్నాను. ఇంజను, టైర్లు బాగున్నాయి. ఎండలో నిలబెడితే మాత్రం బోనెట్ మీద సాలెగూడు అల్లినట్టు గుండ్రటి గీతలు కనిపిస్తున్నాయి. తలుపుల మీద చెయ్యి పెడితే గరుగ్గా తగులుతోంది. పాత ఓనరు సిల్తరా ఇనుప ఫ్యాక్టరీలకు లోడు తిప్పేవాడట. దసరాకి రావణ దహనం చూడ్డానికి ఊరంతా మా కాలనీ మైదానానికి వస్తుంది, ఆ రోజు పూజకి బండి మెరవాలని అమ్మ కోరిక. షెడ్డువాడు ‘రబ్బింగ్ కొట్టేస్తే సాయంత్రానికి అద్దంలా అయిపోతుంది’ అంటున్నాడు. కొట్టించమంటారా?
– ఒక పాఠకుడు, డబ్ల్యూఆర్ఎస్ కాలనీ, రాయపూర్

సమాధానం: ఇప్పుడే వద్దు. మీరు రాసినవాటిలో అసలు సంగతి గీతలు కాదు, తలుపు మీది గరుకు. ముందు దాని పని చూడాలి.

మీ బండి తిరిగింది స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీల మధ్య. ఇప్పుడు నిలబెడుతున్నది మీ రైల్వే కాలనీలో, రైలు పట్టాల పక్క. రెండు చోట్లా గాలిలో సన్నటి ఇనుప రజను ఉంటుంది. రైలు బ్రేకు వేసినప్పుడల్లా చక్రం నుంచీ పట్టా నుంచీ కొంత రాలుతుంది. వేడెక్కిన రంగు మీద పడ్డ రజను అక్కడే దిగబడి, వాన తగిలాక తుప్పు పడుతుంది. తెల్ల బండి కాబట్టి మీకు తేలిగ్గానే తెలుస్తుంది. తలుపు కింది భాగాన్ని దగ్గరగా చూడండి, ఆవగింజలో సగం కూడా లేని నారింజ రంగు చుక్కలు ఉంటాయి. ఎంత సబ్బు పెట్టినా అవి పోవు. వాటి మీదే రబ్బింగ్ కొడితే మిషను ప్యాడ్ ఆ రజనును పీక్కుని బోనెట్ అంతా తిప్పుతుంది. పాత గీతలు పోవడం అటుంచి కొత్తవి పడతాయి.

బండిని నీడలో పెట్టి, ముందు ధారాళంగా నీళ్లు కొట్టి దుమ్ము దింపండి. తర్వాత రెండు బకెట్లతో కడగండి. ఒకదానిలో షాంపూ నీళ్లు, రెండోదానిలో గుడ్డ జాడించుకోడానికి మంచినీళ్లు. పైనుంచి కిందికి రండి, చక్రాల దగ్గర వాడిన గుడ్డ మళ్లీ బోనెట్ మీదికి రాకూడదు. కడిగాక ఐరన్ రిమూవర్ కొట్టండి. ఇనుము ఉన్న ప్రతిచోటా అది ఊదారంగుకి తిరిగి కిందికి కారుతుంది. వాసన ఘాటుగా ఉంటుంది, చేతులకి గ్లవుజులు తప్పనిసరి. ఎండలో కొట్టకండి, బండి మీద ఆరిపోనివ్వకండి. రెండు మూడు నిమిషాల్లో నీళ్లతో బాగా కడిగేయండి. మీ బండి ఉన్న తీరు చూస్తే రెండోసారి కూడా కొట్టాల్సి రావచ్చు.

అప్పటికీ గరుకు మిగిలితే క్లే బార్ ఉండనే ఉంది. అది మెత్తటి ముద్ద. షాంపూ నీళ్లు చిలకరించి, బలం పెట్టకుండా జారనివ్వాలి. కిందపడితే ఆ ముద్ద ఇక పనికిరాదు, పారేయండి. పని అయిందో లేదో తేల్చుకోవడానికి పల్చటి పాలిథిన్ కవరు చేతికి తొడుక్కుని రంగు మీద నెమ్మదిగా పోనివ్వండి. ఉత్త చేతికి అందని గరుకు కూడా కవరు లోంచి తెలుస్తుంది.

ఇక గీతల సంగతి. సాలెగూడులా కనిపించేవి నిజానికి గుండ్రటివి కావు. అన్ని వైపులకూ పోయిన సన్నటి గీతలవి. సూర్యుడి వెలుగుకి అడ్డంగా ఉన్నవి మాత్రమే తళుక్కుమంటాయి కాబట్టి వెలుగు చుట్టూ వలయాలు ఉన్నట్టు కంటికి అనిపిస్తుంది. అవి ఎలా పడ్డాయంటారా? రోజూ పొద్దున్నే పొడి గుడ్డతో, భుజం మీది గమ్‌ఛాతో దుమ్ము తుడవడం వల్ల. మీ వైపు దుమ్ములో బూడిద కలిసి ఉంటుంది. బూడిదలోని సిలికా రేణువులు పెయింటు కంటే గట్టివి. పొడిగా తుడిచిన ప్రతిసారీ కొన్ని గీతలు పడాల్సిందే.

గీత పోవాలంటే దాని చుట్టూ ఉన్న రంగును గీత లోతు దాకా అరగదీయాలి. అంతకు మించి మార్గం లేదు. ఫ్యాక్టరీ పెయింటు మొత్తం మందం 100 నుంచి 140 మైక్రాన్లు. అందులో పైనున్న క్లియర్ కోటు 40, 50 మైక్రాన్లు, అంటే తలవెంట్రుక కంటే పల్చన. గట్టిగా ఒకసారి రబ్బింగ్ కాంపౌండ్ కొడితే రెండు మూడు మైక్రాన్లు పోతాయి. ఎండకి తట్టుకునే గుణం ఎక్కువగా ఆ పై పొరదే. ఏటా దసరాకి రబ్బింగ్ కొట్టిస్తే నాలుగైదేళ్లలో బోనెట్ పొరలు పొరలుగా లేచిపోతుంది. అందుకే ఆత్రపడవద్దని చెప్పడం.

ముందు మీ బండికి క్లియర్ కోటు ఉందో లేదో తేల్చుకోండి. సరుకు బళ్లలో తెలుపు, పసుపు లాంటివి చాలావాటికి ఒకటే పొర. తలుపు తెరిచి లోపలి అంచు మీద కాస్త పాలిష్ పెట్టి నల్ల గుడ్డతో రుద్దండి. గుడ్డకి తెలుపు అంటితే క్లియర్ కోటు లేనట్టే. అప్పుడు మీరు అరగదీసేది అసలు రంగునే.

తర్వాత ఆ షెడ్డువాడి చేతిలో ఏ మిషను ఉందో చూడండి. గోడలు, ఇనుము కోసే గ్రైండర్‌కి ఊలు ప్యాడ్ బిగించి కొట్టేవాళ్లు ఉన్నారు. అది నిమిషానికి పది వేల పైచిలుకు చుట్లు తిరుగుతుంది, రంగు మాడ్చేస్తుంది. పాలిష్ మిషను వెయ్యి, పదిహేను వందల చుట్లకు మించకూడదు. తిరుగుతూనే అటూఇటూ ఊగే డ్యూయల్ యాక్షన్ మిషను, ఫోమ్ ప్యాడ్ ఉంటే మరీ మంచిది, కొత్తవాడి చేతిలో కూడా ప్రమాదం తక్కువ. రెండడుగుల చదరం చొప్పున చెయ్యమనండి. బోనెట్ మడతల దగ్గర, తలుపు అంచుల దగ్గర రంగు అన్నిటికంటే పల్చగా ఉంటుంది, అక్కడ టేపు వేయించండి. మొదట సన్న పాలిష్‌తో ఒక్క చదరం చేయించి చూడండి. దానితోనే పని జరిగితే కాంపౌండ్ జోలికి వెళ్లొద్దు. పదింట ఏడు గీతలు పోయాక ఆపేయండి. మిగిలిన మూడూ సరుకు బండికి ఒక లెక్క కాదు. పైన మైనం పూసి మీ అమ్మగారికి చూపించండి, మెరుపుకి ఏ లోటూ ఉండదు.

సందేహం: పోయిన ఏడాది బఫింగ్ చేయించాను. ఇచ్చిన రోజు కొత్త బండిలా ఉంది. మూడు సార్లు కడిగేసరికి గీతలన్నీ మళ్లీ తేలాయి. ఎండలో చూస్తే మిషను తిరిగిన జాడలు కూడా కనిపిస్తున్నాయి. మోసపోయానా?
– ఒక పాఠకుడు, బిర్‌గావ్

సమాధానం: గీతలు తీసేసి ఉంటే అవి తిరిగి రావు. మీ బండికి గీతల్లో నూనె జిడ్డు నింపి వదిలారు, కడిగిన కొద్దీ అది పోయింది. మిషను జాడలు మిగలడానికి కారణం వేరు. కాంపౌండ్ కొట్టాక సన్న పాలిష్‌తో రెండోసారి చెయ్యలేదు.

ఈసారి మైనం పూయకముందే మీరు షెడ్డులో ఉండండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో సగానికి సగం నీళ్లు కలిపి, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో ఒక చోట తుడిపించి, ఫోను టార్చి వెలుగులో చూడండి. అప్పుడు కనిపించేదే నిజమైన పని. బండికి ఇదివరకు ఎప్పుడైనా డ్యూకో కొట్టించి ఉంటే ముందు కనబడని మూల పరీక్షించండి, ఆ రంగు ఆల్కహాల్‌కి మెత్తబడే అవకాశం ఉంది. మరోసారి అరగదీయడానికి తగినంత మందం ఉందా అన్నది మైక్రాన్ మీటరుతో తెలుస్తుంది. పెద్ద డెంటింగ్-పెయింటింగ్ షెడ్లలో ఉంటుంది, అడగడానికి మొహమాటపడకండి. వంద కంటే బాగా తక్కువ చూపిస్తే ఇక మిషను పెట్టనివ్వకండి. నాలుగైదు వందలు చూపిస్తే మాత్రం సంబరపడకండి. అక్కడ రంగు కింద లప్పం ఉందని అర్థం, బండి ఎప్పుడో గుద్దుకున్నదే.

సందేహం: మా క్లీనరు గీతల మీద టూత్‌పేస్ట్ రుద్దుతాడు. క్యాబిన్ అంతా డీజిల్ గుడ్డతో తుడుస్తాడు. మెరుస్తోంది కదా అని ఊరుకున్నాను. తప్పా?
– ఒక పాఠకుడు, భిలాయి

సమాధానం: మాన్పించండి. టూత్‌పేస్ట్‌లోని పొడి సన్న గీతను కాస్త మసకబారుస్తుంది, చుట్టూ ఉన్న మెరుపును కూడా తినేస్తుంది. డీజిల్, కిరసనాయిలు ఇచ్చేది జిడ్డు మెరుపు. గంటలో దుమ్ము పట్టేస్తుంది, మర్నాడు ఆ దుమ్మును మళ్లీ పొడి గుడ్డతో తుడుస్తాడు. రబ్బరు బీడింగులు కూడా ఉబ్బి పాడవుతాయి. క్లీనరు కుర్రాణ్ణి కోప్పడి లాభం లేదు. వాడికి రెండు బకెట్లు, నాలుగు మైక్రోఫైబర్ గుడ్డలు కొనివ్వండి, ఒక పూట పక్కన నిలబడి నేర్పండి.

సందేహం: ఇరవై ఏళ్ల నాటి ఎర్ర రంగు లారీ. క్యాబిన్ పాలిపోయి సున్నం పట్టినట్టుంది. వేలితో రుద్దితే ఎర్ర పొడి వస్తోంది. కొత్త పెయింటు వేయించడమేనా గతి?
– ఒక పాఠకుడు, గాజువాక, విశాఖపట్నం

సమాధానం: తొందరపడకండి, ఈ ఉత్తరాలన్నిటిలో బాగుపడే ఆశ ఎక్కువ ఉన్నది మీ లారీకే. పొడి రాలుతోందంటే అది క్లియర్ కోటు లేని పాత పెయింటు. ఎండకి పై పొర చచ్చింది, కింద ఎరుపు ఇంకా బతికే ఉంది.

మిషను పెట్టకముందు ఆ రంగుకి నూనె పట్టించాలి. రాపిడి పొడి లేని, నూనె పాలు ఎక్కువున్న గ్లేజును టర్కీ తువ్వాలు ముక్కతో దండిగా పట్టించి రాత్రంతా వదిలేయండి. తెల్లారి తుడిస్తే గుడ్డ నిండా ఎర్రగా దిగుతుంది, భయపడకండి. అది చచ్చిన పొరే. ఇంకోసారి పట్టించండి. చాలా బళ్లకి అప్పటికే రంగు లేచి నిలబడుతుంది. ఆ తర్వాత కావాలంటే సన్న పాలిష్‌తో చేత్తోనే రుద్దండి. బోనెట్ అంచుల్లో బూడిదరంగు ప్రైమరు తొంగిచూస్తే అక్కడితో ఆపండి. రెండు నెలలకొకసారి మైనం పూస్తూ ఉండాలి, సముద్రపు గాలి తగిలే చోట దాన్ని వాయిదా వెయ్యొద్దు.

ప్రైమరు బాగా బయటపడి పెయింటు తప్పదనుకుంటే అదే ఎరుపు వేయించండి. ఆర్‌సీలో రంగు రాసి ఉంటుంది. మార్చే ఆలోచన ఉంటే ముందు ఆర్టీఓ ఆఫీసులో కనుక్కోండి.

సందేహం: ఫ్యాక్టరీ గేటుకి రాసుకుని తలుపు మీద జానెడు గీత పడింది. గోరు ఆనిస్తే దిగుతోంది. కాంపౌండ్‌తో పోతుందా?
– ఒక పాఠకుడు, ఖమ్తరాయి, రాయపూర్

సమాధానం: పోదు. గోరు దిగిందంటే అరగదీసి తీసే లోతు దాటిపోయింది. నీళ్లు చిలకరించినప్పుడు గీత మాయమైతే క్లియర్ కోటులోనే ఉన్నట్టు. తడిపినా తెల్లగానో బూడిదరంగులోనో కనిపిస్తే ప్రైమరు దాకా వెళ్లింది. లోపల ఇనుము మెరిస్తే మాత్రం వానల ముందే పని కానివ్వండి.

తుప్పు ఉంటే గీత వరకే సన్న పేపరుతో తీసేయండి. ఇనుము బయటపడ్డ చోట ఎపాక్సీ ప్రైమరు పెట్టి ఆరనివ్వండి. తర్వాత కంపెనీ షేడు నంబరుతో కలిపించిన టచప్ రంగును, సీసాతో వచ్చే కుంచెతో కాకుండా చెక్కిన అగ్గిపుల్ల మొనతో గీతలోకి దించండి. ఒకేసారి నింపెయ్యకండి. పల్చగా పెట్టి, ఆరాక మళ్లీ పెట్టండి. రంగు పక్కదానికంటే వెంట్రుకవాసి ఎత్తు వచ్చాక వారం వదిలేసి, 2000 నంబరు వాటర్ పేపరును చిన్న చెక్కముక్కకి చుట్టి నీళ్లతో ఆ ఎత్తు వరకే దించండి. దగ్గరికొచ్చి చూస్తే జాడ తెలుస్తుంది. నాలుగడుగుల దూరం నుంచి తెలియదు, తుప్పు మాత్రం ఆగుతుంది.

సందేహం: డాలా మీద పెయింటరు చేత్తో రాసిన దేవుడి పేరు, పువ్వులు ఉన్నాయి. పాలిష్ చేస్తే పోతాయా? సిరామిక్ కోటింగ్ వేయించమని కూడా అంటున్నారు.
– ఒక పాఠకురాలు, డబ్ల్యూఆర్ఎస్ కాలనీ, రాయపూర్

సమాధానం: పోతాయమ్మా. అవి ఎనామెల్‌తో పైన రాసినవి, కాంపౌండ్ తగిలితే ముందు పోయేవి అవే. అక్షరాల చుట్టూ టేపు వేసి వాటిని వదిలేయమనండి. వాటి మీద చేత్తో మైనం పూస్తే చాలు. అంత చక్కటి చేతిరాత రాసే పెయింటర్లు రానురాను తగ్గిపోతున్నారు, ఉన్నదాన్ని కాపాడుకోండి.

సిరామిక్ కోటింగ్ సరుకు బండికి దండగ. తాళ్లు, టార్పాలిన్లు, గేట్లు రాసుకుంటూనే ఉంటాయి, ఏ కోటింగూ వాటికి ఆగదు. ఆ డబ్బు డీజిల్‌కి ఉంచుకోండి. ఇంకో మాట. వెనకా పక్కలా అంటించిన మెరిసే రిఫ్లెక్టివ్ టేపుల మీద, నంబరు ప్లేటు మీద కాంపౌండ్ పడనివ్వకండి. గీరుకుపోతే రాత్రి వెనక బండి లైటుకి మీ బండి కనపడదు. వాటిని షాంపూ నీళ్లతో మాత్రమే కడిగించండి.