యాప్ చెప్పే తడి, చేను అడిగే తడి

యాసంగి మొక్కజొన్న జల్లు వేసి పీచు తీస్తున్న రోజులివి. నీటి ఎద్దడికి ఈ పైరు ఇంతగా దెబ్బతినే దశ మరొకటి లేదు. ఇప్పుడు చేను వాడితే కండెకు గింజ పట్టదు. ఆ తర్వాత ఎంత నీరు పారించినా ఆ నష్టం పూడదు. సరిగ్గా ఈ సమయంలోనే చాలామంది రైతులు తడి ఎప్పుడివ్వాలో ఫోన్‌లోని యాప్‌ను అడుగుతున్నారు. అది అందరికీ ఒకటే చెబుతోంది: ఎనిమిది రోజులకో తడి. దాన్ని నమ్మిన చెలకల్లో ఐదారు రోజులకే పొద్దున పది గంటలకల్లా ఆకులు చుట్టుకుపోతున్నాయి. రేగళ్లలో నేల ఆరకముందే మళ్లీ మోటారు వేస్తున్నారు, వేర్లకు గాలి ఆడక పైరు పసుపెక్కుతోంది. ఈ నెల సలహాల్లో ఎక్కువ భాగం అందుకే దీని మీదే, మిగతా పైర్ల మాట చివర్లో.

ఈ యాప్‌ల లెక్కకు శాస్త్రం ఉంది. చాలావాటికి ఆధారం ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1998లో ప్రచురించిన పద్ధతి. ఎండ, వేడి, గాలి, తేమలను బట్టి, నీటి కొరత లేని పచ్చగడ్డి నేల రోజుకు ఎంత నీరు వదులుతుందో ముందు లెక్క కడతారు. దాన్ని పైరు దశకు తగిన గుణకంతో హెచ్చిస్తారు. మొక్కజొన్నకు తొలి దశలో ఆ గుణకం 0.3, పూత దశలో 1.2. గడ్డి లెక్క 5 మిల్లీమీటర్లు వస్తే, పూతలో ఉన్న మొక్కజొన్నకు 6 మిల్లీమీటర్లు కావాలి. అంటే ఎకరాకు రోజుకు దాదాపు 24 వేల లీటర్లు. సూత్రం మంచిదే. దానికి మనం ఇచ్చే వివరాలు మన పొలానివి కాకపోవడమే చిక్కు.

మొదటిది నేల. వేరు 60 సెంటీమీటర్ల లోతు దిగిందనుకుందాం. ఇసుక పాలు ఎక్కువున్న చెలకలో ఆ లోతున పైరుకు అందే నీరు 60 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, మంచి నల్లరేగడిలో 120 దాకా. అందులో సగం తగ్గేసరికి తడి ఇవ్వాలి. రోజుకు 6 చొప్పున చెలకకు ఐదు రోజులు, రేగడికి పది రోజులు. యాప్‌లో నేల రకం మార్చకుండా వదిలేస్తే ఎనిమిది రోజుల సందేశం రెండు నేలలకూ తప్పే.

రెండోది వాన. యాప్‌కు తెలిసింది దగ్గరలోని వాతావరణ కేంద్రంలో పడిన వాన. మాఘ ఫాల్గుణాల్లో జల్లులు ఊరికో తీరుగా పడతాయి. కేంద్రంలో 20 మిల్లీమీటర్లు పడి మీ చేలో చుక్క పడకపోతే, యాప్ మూడు రోజుల తడిని కోసేస్తుంది. పీచు దశలో ఆ మూడు రోజులే పంటను తీస్తాయి. నిటారు గోడల డబ్బా ఒకటి చేలో పెట్టి స్కేలుతో కొలవండి, ఆ అంకెనే యాప్‌లో వేయండి.

మూడోది వాతావరణ లెక్క. కొన్ని యాప్‌లు గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలతోనే సరిపెట్టుకుంటాయి. ఆ సూత్రం గాలి జోరుగా వీచే అనంతపురం వంటి చోట అవసరాన్ని తక్కువ చూపే ప్రమాదం ఉంది. గాలిలో తేమ ఎక్కువగా ఉండే బాపట్ల తీరంలో ఎక్కువ చూపవచ్చు.

నాలుగోది, ఎక్కువమంది పట్టించుకోనిది: యాప్ చూపేది పైరు వాడుకునే నీరు. బోరు నుంచి తోడాల్సింది అంతకన్నా ఎక్కువ. డ్రిప్పులో పదో వంతు, కాలువ సాళ్లలో మూడో వంతు దాకా దారిలో పోతుందని లెక్క వేసుకోండి. 200 లీటర్ల డ్రమ్ము ఎన్ని సెకన్లలో నిండుతుందో చూడండి. 50 సెకన్లు పడితే మీ బోరు గంటకు 14,400 లీటర్లు ఇస్తుంది. పై లెక్కన డ్రిప్పు కింద ఎకరాకు రోజుకు రెండు గంటల లోపే చాలు. కరెంటు ఉచితమని రాత్రంతా మోటారు వదిలేస్తే నీటితో పాటు వేసిన యూరియా కూడా వేరు అందుకోలేని లోతుకు దిగిపోతుంది.

యాప్‌ను పరీక్షించడం కష్టమేమీ కాదు. తడి పెట్టమని సందేశం వచ్చిన రోజు చేలో మూడు చోట్ల పారతో 45 సెంటీమీటర్లు తవ్వండి. అడుగు మట్టి పిడికిట్లో ఇంకా గట్టిగా ముద్ద కడుతుంటే యాప్ తొందరపడింది. సందేశం రాకముందే ఆకులు చుట్టుకుంటే ఆలస్యం చేసింది. రెండు మూడు తడులు ఇలా రాసిపెట్టుకోండి. తప్పు ఎప్పుడూ ఒకే వైపు ఉంటే నేల రకం, విత్తిన తేదీ, బోరు లెక్క సరిచేస్తే యాప్ పనికొస్తుంది. ఒకసారి అటు, ఒకసారి ఇటు తప్పుతుంటే దాన్ని వదిలేయండి. గింజ మొదట్లో నల్ల చుక్క కనిపించాక యాప్ ఏమన్నా సరే తడులు ఆపండి.

'తొంభై శాతం కచ్చితం' అని అమ్ముతున్నవారిని నిలదీయండి. ఏ నేలలో, ఏ పైరు మీద, దేనితో కొలిచి పోల్చారు? వాతావరణ లెక్క కలిసిందా, పైరు వాడిన నీరు కలిసిందా? జవాబు రాకపోతే చందా కట్టకండి. క్రాప్‌వాట్, ఆక్వాక్రాప్ ప్రోగ్రాములను ఆ ఐక్యరాజ్యసమితి సంస్థే ఉచితంగా ఇస్తోంది. మీ వ్యవసాయ విస్తరణాధికారితోనో కృషి విజ్ఞాన కేంద్రంలోనో కూర్చుని లెక్క వేయించుకోండి. రెండెకరాల చేనుకు సొంత వాతావరణ కేంద్రం, నాలుగు సెన్సర్లు అంటగట్టడం దోపిడీ. నీరు తగ్గి వాడిన చేనుకు టానిక్కులు, సూక్ష్మపోషకాల డబ్బాలు అమ్మడం అంతకన్నా అన్యాయం. జల్లు బయటపడ్డాక సుడి ఉండదు, కత్తెర పురుగు పేరు చెప్పి సుడి మందు కొనిపిస్తే కొనకండి.

వరి: పిలకల దశలో నీరు ఎప్పుడూ నిలవ ఉండనక్కర్లేదు. చిల్లుల గొట్టం పాతి, నీరు నేల కింద 15 సెంటీమీటర్లకు దిగాక పెట్టండి. పూతలో మాత్రం ఆరనివ్వకండి.

వేరుశనగ: ఊడలు దిగే దశలోనూ కాయ ఊరే దశలోనూ తడి తప్పనివ్వకండి.

మిరప: తామర పురుగుకు మూడు మందులు కలిపి కొట్టడం ఆపండి. డబ్బు పోతుంది, మిత్రపురుగులు చస్తాయి, తామర పురుగు మిగులుతుంది.

మామిడి: పిందె బఠాణీ గింజంత అయ్యాకే తడి మొదలుపెట్టండి. నిండు పూత మీద మందు కొట్టకండి.

మొక్కజొన్న రైతులు మాత్రం తదుపరి సందేశం వచ్చేదాకా ఆగవద్దు. ఈ వారమే పార తీసుకుని చేలోకి దిగండి.