పిగ్ ఐరన్ బేరంలో భాస్వరం లెక్క

శ్రీకాళహస్తి: పిగ్ ఐరన్ కొనేవారు టన్ను ధర, సిలికాన్ శాతం అడిగి ఊరుకోవడం కద్దు. పరీక్ష చీటీలో భాస్వరం అంకె కూడా చూడవలసి ఉన్నది.

కరిగిన ఇనుము చల్లారేటప్పుడు అందులోని భాస్వరం ఇనుముతో కూడి ఐరన్ ఫాస్ఫైడ్ అవుతుంది. మూడు ఇనుప పరమాణువులకు ఒక భాస్వర పరమాణువు దాని కూర్పు. 0.1 శాతమంటే టన్నుకు కిలో భాస్వరం. అదంతా ఫాస్ఫైడ్‌గా మారితే సుమారు 6.4 కిలోలు. పోత ఇనుము 1,150 డిగ్రీల సెంటీగ్రేడ్ దగ్గర గడ్డకడుతుంది. ఫాస్ఫైడ్ మిశ్రమం మాత్రం సుమారు 950 డిగ్రీల వరకు ద్రవంగానే ఉండి, చివరకు రేణువుల సందుల్లో వలలా పేరుకుంటుంది. అది గట్టిదే కాని పెళుసు. దెబ్బ తగిలితే అక్కడే చీలుతుంది.

ఇక్కడి రాచగున్నేరి కర్మాగారంలో తయారయ్యే డక్టైల్ ఇనుప గొట్టాలకు సాగే గుణమే ప్రాణం. అటువంటి పోతకు భాస్వరం సాధారణంగా 0.05 శాతం లోపు ఉండాలి. బ్లాస్ట్ ఫర్నేస్ భాస్వరాన్ని తొలగించదు. ఖనిజం, కోక్‌లతో వచ్చినది దాదాపు అంతా ఇనుములోకే చేరుతుంది. కనుక జాగ్రత్త ముడిసరుకు కొనుగోలు దగ్గరే పడాలి.

అట్లని భాస్వరం హెచ్చిన సరుకు పనికిరానిది కాదు. పలుచని అచ్చుల్లోకి బాగా పారుతుంది, అరుగుదలకు ఆగుతుంది. రైలు బ్రేకు దిమ్మలకు దానిని కోరి వాడారు. అయితే రెండు రకాలను ఒకే గుట్టలో కలిపితే మంచి సరుకు కూడా చౌక ధరకు దిగుతుంది. లాటు ఏ ఫౌండ్రీకి పోతుందో తేల్చుకున్నాకే బేరం ముగించడం క్షేమం.