బత్తాయి తొక్కయు తోట యెరువును

దిలుసుఖ్‌నగరమునకును ఎల్.బి. నగరమునకును నడుమ, విజయవాడ రాజమార్గము మీదనున్న కొత్తపేట యొకప్పుడు పండ్ల వ్యాపారమునకు పేరుపొందినది. గడ్డిఅన్నారము పండ్ల మార్కెట్టు అచ్చటనే యుండెను. నల్లగొండ తోటల బత్తాయిలు లారీల మీద వచ్చి యచ్చట దిగుచుండెను. 2021-22 సంవత్సరములలో ఆ మార్కెట్టు బాటసింగారమునకు తరలింపబడినది. పాత స్థలమునందు వైద్యశాల నిర్మాణమునకు 2022 ఏప్రిల్ నెలలో శంకుస్థాపన జరిగెను. మార్కెట్టు తరలినను మన వీధులలో బత్తాయి తరుగలేదు. వేసవి వచ్చినంతనే పండ్లరసపు బండ్లయొద్ద తొక్కలు గుట్టలుగా పడును. ఇండ్లలో పిండిన నిమ్మచెక్కలు ప్రతిదినము చెత్తబుట్ట చేరును.

ఈ తొక్కలు పిమ్మట ఎచ్చటికి పోవును? నగరపు చెత్త బహు సంవత్సరములుగా జవహర్‌నగరమునకు చేరుచు వచ్చినది. తడిచెత్త గాలి చొరని గుట్టలో కుళ్లినప్పుడు మీథేను అను వాయువు పుట్టును. నల్లని ఊటనీరు కారి భూమిలోనికి ఇంకును. అందువలన ఆ ప్రాంతమువారి నీటికిని గాలికిని హాని కలిగినది. మన యింటి తొక్క పరుల బావిని చెఱుపుట న్యాయము కాదు. తడి పొడి చెత్తలను వేరుచేయుటకై 2015లో నగరపాలక సంస్థ ఇంటింటికి రెండేసి బుట్టలు పంచెను. వేరుచేసిన తడిచెత్తను ఇంటనే యెరువుగా మార్చుట తరువాతి మెట్టు.

అయితే, “పుల్లని తొక్కలు నేలను చెఱచును, వానపాములను చంపును; వానిని ఎరువులో వేయరాదు” అని తోటపని చేయువారిలో అనేకులు చెప్పుదురు. ఈ మాటలో కొంత నిజము కలదు గాని, అంతయు నిజము కాదు. బత్తాయి తొక్కను గోటితో నొక్కినచో సన్నని తుంపర లేచి ఘాటైన వాసన కొట్టును. అది తొక్కలోని నూనె. అందు నూటికి 90 పాళ్లకు పైగా లిమొనీను అను పదార్థముండును. పురుగులనుండి కాయను కాపాడుటకు చెట్టు దీనిని చేసికొన్నది. కావుననే పచ్చి తొక్కలను వానపాముల తొట్టిలో విస్తారముగా వేసినచో అవి బాధపడును. కాని యీ నూనె శాశ్వతమైనది కాదు. గాలి తగిలిన కొలది కొంత ఆవిరియై పోవును. మిగిలినదానిని సూక్ష్మజీవులు విఱిచివేయును. పులుపు సంగతియు నంతే. కుప్ప మొదట పుల్లగా నున్నను, మాగిన పిమ్మట దాని పులుపు చాలవరకు పోవును. తొక్కమీద లేచు ఆకుపచ్చని బూజును చూచి యేవగించుకొనకుడు. పెనిసిలియము జాతికి చెందిన ఆ బూజు తొక్కను కరగించు పనివాడు. దానిని ముక్కునకు దగ్గఱగా పట్టి వాసన చూడకుండిన చాలును.

దీనికి దూరదేశపు నిదర్శనమొకటి కలదు. మధ్య అమెరికాయందలి కోస్టారికా దేశమున 1998 ప్రాంతమున, డేనియల్ జాన్జెన్, విన్నీ హాల్‌వాక్స్ అను శాస్త్రజ్ఞుల సూచనచే, నారింజరసపు కర్మాగారము నుండి సుమారు 12,000 టన్నుల తొక్కయు పిప్పియు తెచ్చి 3 హెక్టారుల బీడునేలపై పోసిరి. వ్యాజ్యము వచ్చి ఆ పని నిలిచిపోయినది. ఏండ్లు గడచిన పిదప పరిశోధకులు పోయి చూడగా, ఆ బీడు దట్టమైన అడవియై యుండెను. తొక్క పోయని ప్రక్కనేలతో పోల్చగా వృక్షసంపద 176 శాతము అధికముగా నున్నదని 2017లో ప్రకటించిరి. అది జనులు లేని బీడు. మన పెరటిలో అట్లు గుట్టలు పోయరాదు. కాలమును గాలియు లభించినచో తొక్క నేలకు శత్రువు కాదని మాత్రము దీనివలన తెలియుచున్నది.

మన దేశముననే, ఆల్బర్టు హోవార్డు అను శాస్త్రజ్ఞుడు 1924 మొదలు 1931 వఱకు ఇండోరునందు పనిచేసి, ఆకు అలములు, పేడ, మన్ను పొరలుగా పేర్చి తిరుగవేయు పద్ధతిని స్థిరపఱచెను. ఇంటి మేడపై నొక కుండతోనైనను దీనిని అనుసరింపవచ్చును. క్రమమిది:

1. పెద్ద మట్టికుండకు అడుగునను ప్రక్కలను రంధ్రములు చేసి, అడుగున ఎండుటాకులు పఱవవలెను.

2. తొక్కలను చిన్న ముక్కలుగా కోసి, రెండు మూడు దినములు నీడన ఆరబెట్టవలెను.

3. ఒక పాలు తొక్కలకు ఒక పాలు కూరగాయల చెక్కు, టీపిప్పి మొదలగునవియు, రెండు పాళ్లు ఎండుటాకులును కలుపవలెను. తొక్కలో నత్రజని తక్కువ గనుక పిడికెడు పేడయైనను పాత యెరువైనను చేర్చవలెను.

4. పిడిచి చూచినచో చేయి తడియై, నీరు కారకుండునంత తేమ యుండవలెను. వారమున కొకసారి తిరుగవేయవలెను. దుర్గంధము వచ్చినచో ఎండుటాకులు చేర్చుడు.

రెండు మూడు మాసములలో తొక్క ఆనవాలు లేకుండ పోయి, తొలకరి వానకు తడిసిన మన్నువంటి వాసన వచ్చును. అప్పుడొక పాలు ఎరువును మూడు పాళ్లు మట్టితో కలిపి మొక్కలకు వాడవచ్చును. వానపాముల తొట్టి గలవారు ఇట్లు సగము మాగిన దానినే కొద్దికొద్దిగా వేయవలెను.

తొక్కలకు మఱియొక ఉపయోగము కలదు. ఒక పాలు బెల్లము, మూడు పాళ్లు తొక్కలు, పది పాళ్లు నీరు ప్లాస్టిక్కు డబ్బాలో పోసి మూడు మాసములు పులియబెట్టినచో, గచ్చు కడుగుటకు తగిన పుల్లని నీరు వచ్చును. గాజుసీసా వాడరాదు, మొదటి మాసము ప్రతిదినము మూత వదులుచేసి వాయువును పోనీయవలెను. బ్లీచింగు పొడితో నెన్నడును కలుపరాదు, విషవాయువు పుట్టును. తాండూరు బండలు సున్నపురాతి జాతివి గనుక వానిపై దీనిని పోయకుండుట మేలు.

విద్యార్థులారా! చెప్పినది నమ్ముటకంటె చేసి చూచుట మేలు. మూడు కుండీలు తీసికొనుడు. ఒకదానిలో వట్టి మన్ను, రెండవదానిలో పచ్చి తొక్కముక్కలు కలిపిన మన్ను, మూడవదానిలో మాగిన తొక్క యెరువు కలిపిన మన్ను నింపుడు. ఒక్కొక్కదానిలో 20 మెంతులు చల్లి, సమముగా నీరు పోయుడు. ఏడవ దినమున మొలకలు లెక్కించి వ్రాసికొనుడు. పచ్చి తొక్కకును మాగిన తొక్కకును గల భేదమును మీ లెక్కయే చెప్పును. తల్లిదండ్రులు తమ యింట నొక కుండకు చోటిచ్చినచో, జవహర్‌నగరమునకు పోవు బండి బరువు ఆ మేరకు తగ్గును. మేడమీది గులాబికి ఎరువు దొరకును.